చెవులకో చదువు!

కౌన్సెలర్ కావాలంటే నాలుగు మంచి మాటలు చెప్పడం వస్తే చాలనుకుంటారు చాలామంది. ఆ చదువుకి తొలిమెట్టయిన పరిచయ కోర్సులో చేరాకే అసలు సంగతి తెలుస్తుంది. అక్కడ మొట్టమొదట నేర్పేది... చెప్పడం మానేసి వినడం!

కౌన్సెలింగ్... తెలుగునాట ఈ మాట తెలియనివాళ్లుండరు. ఇంజినీరింగ్ సీటు కావాలంటే కౌన్సెలింగ్. టీచర్ల బదిలీలకు కౌన్సెలింగ్. తాగి బండి నడుపుతూ దొరికితే ట్రాఫిక్ పోలీసుల కౌన్సెలింగ్. రౌడీషీటర్లను స్టేషన్‌కి పిలిచి గట్టిగా మందలించినా మర్నాడు పేపర్లో వచ్చేది ‘కౌన్సెలింగ్ ఇచ్చారు’ అనే. సీట్ల పంపకం, కాదంటే చీవాట్లు... మనకు అలవాటైన అర్థాలివే.

మనసు బాగోలేని మనిషికి చేసే కౌన్సెలింగ్ ఈ రెండింటికీ చాలా దూరం. అందులో పంచేదేమీ ఉండదు, తిట్టేదీ ఉండదు. ఎదుటి మనిషి తన చిక్కుముడిని తనే విప్పుకుని, తన దారి తనే వెతుక్కునేదాకా తోడుగా కూర్చోవడమే ఆ పని. వినడానికి తేలిగ్గానే ఉంటుంది. చేయడానికే ఓ చదువు కావాలి.

మూడు కుర్చీల ఆట

స్కూలు టీచర్లు, నర్సులు, హెచ్ఆర్ ఉద్యోగులు, పిల్లలు పెద్దవాళ్లై కాస్త తీరిక దొరికిన గృహిణులు, రిటైరైన బ్యాంకు ఉద్యోగులు, కోడ్ రాసీ రాసీ విసుగెత్తిన సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు... ఇలాంటి కోర్సులవైపు చూసేవాళ్లు రకరకాలు. ‘ఎందుకు చేరారు?’ అంటే తరచూ వినిపించే జవాబు మాత్రం ఒకటే. ‘అందరూ తమ కష్టాలు నాతోనే చెప్పుకుంటారండీ!’

ఆ నమ్మకానికి మొదటి పరీక్ష మూడు కుర్చీలతో మొదలవుతుంది. ముగ్గురు ముగ్గురుగా కూర్చోబెడతారు. ఒకరు చెప్పాలి. ఒకరు వినాలి. మూడోవారు పెదవి విప్పకుండా గమనించాలి. పదీ పదిహేను నిమిషాలయ్యాక కుర్చీలు మారాలి. చెప్పేది కట్టుకథ కాదు, సొంత సంగతే. కాకపోతే చిన్నది... తోడికోడలితో వచ్చిన మాటపట్టింపో, ఆఫీసులో చేజారిన ప్రమోషనో.

ఒకావిడ ‘మావాడు నాతో మాట్లాడటం మానేశాడు’ అందనుకుందాం. వినే కుర్చీలోని మనిషి నోటికి ముందొచ్చే మాటలేంటో ఊహించడం కష్టమేం కాదు. ‘ఈ వయసు పిల్లలంతా అంతేనండీ’... ఇది కొట్టిపారేయడం. ‘ఆ ఫోను లాగేసుకోండి, దెబ్బకి దారికొస్తాడు’... ఇది సలహా. ‘మీవాడు నయం, మావాడైతేనా...’ ఇది ఆమె కథని లాక్కుని మన కథ మొదలుపెట్టడం. మూడూ మంచి మనసుతో అన్నవే. మూడింటితోనూ ఆమె నోరు మూతపడుతుంది.

అదే, ‘వాడు మాట్లాడకపోవడం మీకు కష్టంగా ఉంది’ అని ఊరుకుంటే? ‘కష్టం కాదండీ... భయం. వాళ్ల నాన్న తాగుడు కూడా ఇలా మౌనంతోనే మొదలైంది’ అని ఆమే అసలు సంగతికి రావచ్చు. ఫోను లాక్కోమన్న సలహా ఎంత దూరంలో పడిందో అప్పుడు అర్థమవుతుంది.

రోజర్స్ చెప్పిన మూడు

ఈ పద్ధతికి గట్టి పునాది వేసినవాడు అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ (1902-1987). మనిషి మారడానికి కావలసిన పరిస్థితులేంటో 1957లో రాసిన ఓ వ్యాసంలో ఆయన వివరించాడు. వాటిలో మూడు ఇప్పటికీ కౌన్సెలింగ్ తరగతుల్లో తొలిపాఠాలే. ఎదుటివారి లోకాన్ని వాళ్ల కళ్లతో చూడటం, వాళ్లని ఏ షరతులూ లేకుండా గౌరవించడం, నటించకుండా నిజాయతీగా ఉండటం.

ఎలా కూర్చోవాలో కూడా నేర్పుతారు. జెరార్డ్ ఈగన్ 1975లో రాసిన ‘ది స్కిల్డ్ హెల్పర్’ పుస్తకం ఈ చదువులో బాగా పేరున్నది. ఎదురుగా కూర్చోవడం, చేతులు కట్టుకోకుండా ఉండటం, కాస్త ముందుకి వంగడం, కళ్లలోకి చూడటం, బిగుసుకుపోకుండా ఉండటం... ఇదీ ఆయన సూత్రం. మన దగ్గర దాన్ని కొంచెం సవరించుకోక తప్పదు. పెద్దవాళ్ల కళ్లలోకి సూటిగా చూడకూడదని పెరిగిన అమ్మాయి ముందు కూర్చుని కళ్లప్పగించి చూస్తే ఆమె ఇంకా ముడుచుకుపోతుంది. కుర్చీని కాస్త పక్కకి తిప్పుకోవడమే మర్యాద.

‘ఏదోలా ఉంది’

పుస్తకాలు ఇంగ్లిషులో ఉంటాయి. వచ్చేవాళ్లు బాధపడేది తెలుగులో! ‘డిప్రెషన్’ అన్న ఒక్క మాటలో అన్నీ కుక్కేస్తే చాలా జారిపోతాయి. దిగులు వేరు, బెంగ వేరు, గుబులు వేరు. ఊరెళ్లిన అమ్మ కోసం పిల్లాడు పెట్టుకునేది బెంగ. రేపేమవుతుందోనని గుండెల్లో మెదిలేది గుబులు. ‘మనసు మనసులో లేదు’ అన్నా, ‘కడుపులో దేవినట్టుంది’ అన్నా, ఉత్తినే ‘ఏదోలా ఉంది’ అన్నా ఆ మాటనే పట్టుకుని ‘ఏదోలా అంటే?’ అని అడిగి ఆగాలి. మనసు బాధని ఒంటినొప్పిగా చెప్పుకునేవాళ్లూ ఎక్కువే. తలనొప్పి, గుండెదడ, ఒళ్లంతా మంటలు అంటూ డాక్టర్ల చుట్టూ తిరిగీ తిరిగీ చివరికి ఇక్కడికి వస్తారు.

అడిగి ఆగడం... అదీ కష్టమే. పది సెకన్ల మౌనం కొత్తవారికి పది నిమిషాల్లా అనిపిస్తుంది. ఏదో ఒకటి అనేయాలని నాలుక దురద పెడుతుంది. ఆ మౌనంలోనే అవతలి మనిషి మాటల్ని కూడదీసుకుంటున్నారన్న ఎరుక సాధనతోనే వస్తుంది.

ముందు మనం...

చాలా కోర్సుల్లో డైరీ రాయిస్తారు. ఈ వారం ఎవరి మాట వింటుంటే విసుగొచ్చింది? ఎవరి కథకి కన్నీళ్లాగలేదు? ఎందుకు? తండ్రి కోపాన్ని చూసి పెరిగినవాళ్లకి, గొంతు పెంచి మాట్లాడే మనిషి ఎదురైతే చెవులు మూసుకుపోవచ్చు. పెళ్లి నిలబెట్టుకోవడానికి ఇరవై ఏళ్లు ఓర్చుకున్నావిడకి, ‘విడిపోతాను’ అంటున్న అమ్మాయిని ఆపేయాలనిపించవచ్చు. తన గాయమేదో తెలియని మనిషి ఎదుటివాళ్ల గాయాన్ని తెలియకుండానే కెలుకుతారు. అందుకే, పూర్తిస్థాయి కౌన్సెలర్లు కూడా తమ పనిని మరో అనుభవజ్ఞుల ముందు పెట్టి సరిచూసుకుంటారు. సూపర్‌విజన్ అంటే అదే.

రహస్యానికీ హద్దులుంటాయని ఇక్కడే తెలుస్తుంది. విన్నది గడప దాటకూడదు... నిజమే. కానీ ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే మౌనంగా ఉండకూడదు. పిల్లలపై లైంగిక దాడి జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్నది వట్టి అపోహ. సూటిగా, నెమ్మదిగా అడగడమే వాళ్లు నోరు విప్పేందుకు దారి.

సర్టిఫికెట్ వచ్చింది... బోర్డు పెట్టేయొచ్చా?

పెట్టకూడదు. పరిచయ కోర్సు తలుపు తెరుస్తుందంతే. బ్రిటన్‌లో కౌన్సెలర్ల సంఘం బీఏసీపీ సూచించే దారిలో ఇది మూడు మెట్లలో మొదటిది. ఎనిమిది నుంచి పన్నెండు వారాల పరిచయం, తర్వాత కౌన్సెలింగ్ మెలకువల కోర్సు, ఆపైన అసలు శిక్షణ. ఆ శిక్షణలో కనీసం వంద గంటలు పర్యవేక్షణలో పనిచేయాలి.

మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన కోర్సు చదివి, అక్కడ పేరు నమోదు చేయించుకోవాలి. అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం 2021లో వచ్చిన చట్టం మనస్తత్వ నిపుణుల్నీ కౌన్సెలర్లనీ తన పరిధిలోకి తెచ్చింది. సైకాలజీ సహా ఆ చట్టం కిందికొచ్చే కోర్సుల్ని దూరవిద్యలో, ఆన్‌లైన్లో నడపొద్దని 2025లో యూజీసీ విశ్వవిద్యాలయాల్ని ఆదేశించింది. ఇంట్లో కూర్చుని పీజీ చేసేద్దామనుకునేవాళ్లు ఇది గమనించాలి.

ఇంత పట్టింపు ఎందుకంటే... అవసరం అంత పెద్దది. 2015-16లో నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. సమస్యని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. విశాఖపట్నంలో చదువుకుంటున్న ఓ విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, వందమందీ అంతకు మించీ విద్యార్థులున్న సంస్థల్లో శిక్షణ పొందిన కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ ఒకరైనా ఉండాలని చెప్పింది. ఆ కుర్చీలో వారాంతపు సర్టిఫికెట్‌తో ఎవరో కూర్చుంటే? ఎవరూ లేని గొంతులు వినిపిస్తున్న కుర్రాడికి ‘పాజిటివ్‌గా ఆలోచించు’ అని చెప్పి పంపేస్తే? సైకియాట్రిస్టు దగ్గరకు వెళ్లాల్సిన విలువైన నెలలు వృథా అవుతాయి. ‘ఇది నా వల్ల అయ్యేది కాదు’ అని తెలుసుకుని సరైనచోటికి పంపగలగడం కూడా ఈ చదువులో భాగమే.

చేరేముందు అడగండి

* పాఠం చెప్పేవారి అర్హతలేంటి? వాళ్లు ఇప్పటికీ కౌన్సెలింగ్ చేస్తున్నారా?
* వినే సాధన ఎన్ని గంటలు? మొత్తం ఉపన్యాసాలూ వీడియోలేనా?
* తరగతిలో చెప్పుకున్న సొంత విషయాలు బయటకు పోవని హామీ ఉందా?
* ఈ కోర్సు తర్వాత ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో రాతపూర్వకంగా చెబుతున్నారా? ‘కోర్సు కాగానే ప్రాక్టీస్’ అంటే దూరంగా ఉండండి.
* ఈమధ్యే ఆత్మీయుల్ని పోగొట్టుకుని ఉంటే కొన్నాళ్లు ఆగి చేరండి. ముందు మీరు ఓ కౌన్సెలర్‌తో మాట్లాడండి.

పరిచయ కోర్సు చేసినవాళ్లంతా కౌన్సెలర్లు కారు. అయినా ఫీజు దండగేం కాదు. ‘రేపట్నుంచి కాలేజీకి వెళ్లను’ అని కూతురంటే ‘ఎందుకెళ్లవ్?’ అని గదమాయించకుండా ‘ఏమైందమ్మా?’ అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగగలిగే మనిషి ఒకరు ఆ ఇంట్లో ఉంటారు. కొన్ని ఇళ్లలో ఆ ఆగడమే ఓ ప్రాణాన్ని నిలబెడుతుంది!

మనసు విప్పాలనిపిస్తే...
కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్‌కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. నంబరు 14416. తెలుగులోనూ మాట్లాడతారు.