నోరు మెదపని సభ

ప్రాచీన గ్రీకు, రోమన్ మహాకావ్యాలు వీరుల పరాక్రమగాథలుగానే లోకానికి పరిచయమైనా, కత్తి పట్టని సామాన్య పౌరుణ్ణి సైతం బోనులో నిలబెట్టి ప్రశ్నించిన ఘట్టాలు వాటిలో ఉన్నాయి. హోమర్ ‘ఒడిస్సీ’లోని 24 సర్గల్లో రెండవది ఇథాకా దీవిలో జరిగిన ప్రజాసభను వర్ణిస్తుంది. రాజు ఒడిస్సియస్ ట్రాయ్ యుద్ధానికి వెళ్లిన నాటి నుంచి, అంటే సుమారు 20 ఏళ్లుగా, అక్కడ సభ కూడనే లేదు. ఈలోగా రాణి పెనెలొపీని పెళ్లాడతామంటూ వచ్చిన 108 మంది రాజగృహంలో తిష్ఠ వేసి, రాజు పశువులను కోసుకు తింటూ, ద్రాక్షసారా తాగుతూ ఏళ్లు గడిపేస్తున్నారు. యువరాజు టెలిమాకస్ ఆ గోడంతా వెళ్లబోసుకుని, సభలో మాట్లాడేవారి చేతికిచ్చే దండాన్ని నేలకు విసిరికొట్టి కంటతడి పెట్టినప్పుడు జనం జాలిపడ్డారే తప్ప అతని పక్షాన పెదవి విప్పలేదు. అప్పుడు లేచిన మెంటార్ అనే పెద్దమనిషి, తన కోపం ఆ దుండగుల మీద కాదనీ, ఇంతమంది ఉండి కూడా ఆ కొద్దిమందిని మాటతోనైనా వారించని ఊరివాళ్ల మీదేననీ తేల్చిచెబుతాడు. ఒడిస్సియస్ తిరిగివచ్చి ఆ 108 మందినీ హతమార్చాక, చివరి సర్గలో వారి బంధువులు పగ తీర్చుకోవడానికి సమావేశమైనప్పుడు, హాలిథెర్సీస్ అనే వృద్ధ శకునజ్ఞుడు ఈ చావులకు ఆ బంధువుల పిరికితనమే కారణమని మళ్లీ నిలదీస్తాడు; అయినా సగం మందికి పైగా ఆ మాట పెడచెవిన పెట్టి ఆయుధాలు అందుకుంటారు.

అయితే హోమర్‌ను ప్రజాపక్షపాతిగా నిలబెట్టాలనుకునేవారికి ‘ఇలియడ్’ రెండవ సర్గ గొంతులో వెలక్కాయే. అక్కడ థెర్సైటీస్ అనే సైనికుడు సేనాధిపతి అగమెమ్నన్ దురాశను సభలో ఎండగడతాడు. అంతకు ముందు సర్గలో మహావీరుడు అకిలీస్ అన్నదీ ఇంచుమించు అదే. అకిలీస్‌ను ఎవరూ కొట్టలేదు గాని, థెర్సైటీస్ వీపు మీద ఒడిస్సియస్ రాజదండంతో బాదాడు, తోటి సైనికులు నవ్వారు.

రోమన్ కవి వర్జిల్ 12 సర్గల ‘ఈనీడ్’ రాసింది అంతర్యుద్ధాలు ముగిసి అగస్టస్ అధికారం స్థిరపడుతున్న కాలంలో. క్రీ.పూ. 19లో కవి మరణించేనాటికి దానికి తుదిమెరుగులు పూర్తికాలేదు. ఆ కావ్యానికి ఆయువుపట్టు ‘పియెటాస్’, అంటే దేవతల పట్ల, కన్నవారి పట్ల, దేశం పట్ల కర్తవ్యనిష్ఠ. తగలబడుతున్న ట్రాయ్ నుంచి ముసలి తండ్రిని భుజాల మీద మోసుకుంటూ, కొడుకు చేయి పట్టుకుని బయటపడిన కావ్యనాయకుడు ఈనియస్ ఆ గుణానికి ప్రతిరూపం. వెనకాల నడిచిన భార్య క్రియూసా మాత్రం దారిలో తప్పిపోతుంది. ఆరవ సర్గలో పరలోకంలో కనిపించిన తండ్రి ఆత్మ, లొంగినవారిని మన్నించడం, గర్వించినవారిని అణచడం రోమన్ల ధర్మమని బోధిస్తుంది. కావ్యాంతంలో గాయపడి నేలకూలిన శత్రువు టర్నస్ చేయి చాచి వేడుకుంటాడు. ఈనియస్ ఒక్క క్షణం తటపటాయిస్తాడు గాని, తన యువమిత్రుడు పాలస్‌ను చంపి టర్నస్ ఒలుచుకున్న పటకా అతని ఒంటి మీద కనబడగానే ఆవేశంతో కత్తి దించుతాడు. టర్నస్ లొంగినవాడా, గర్విష్ఠుడా అన్నది కవి చెప్పలేదు. ఆ తీర్పును తన తొలి పాఠకులకు, అంటే ఓడి ప్రాణభిక్ష కోరినవారినీ, గెలిచి మన్నించనివారినీ తమ తరంలోనే ఎరిగిన రోమన్ పౌరులకు, వదిలేశాడు.