వార్డెన్ సంతకం, జర్నల్ పేజీ

2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ఒక పరిశోధన పత్రం అచ్చయింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకాను పేద దేశాల బాలికలకు ఎలా చేర్చాలన్నది దాని విషయం. పెరూ, ఉగాండా, వియత్నాంతో పాటు భారత్ లెక్కలూ అందులో ఉన్నాయి. శిబిరాలు పెట్టి వరసగా వేసుకుంటూ వెళ్లినప్పుడు మన దేశంలో 77.2 నుంచి 87.8 శాతం మందికి టీకా అందిందని రాశారు. ఆ అంకెలు పుట్టిన నేలల్లో ఒకటి అప్పటి ఖమ్మం జిల్లా.

2009 జూలైలో అమెరికాకు చెందిన పాత్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో ఈ పని మొదలుపెట్టాయి. 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి టీకా వేశారు. వారిలో సంక్షేమ హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు ఎందరో. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇదే జరిగింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారని తేలడంతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చనే విచారణ సంఘం చెప్పింది. టీకా మంచిదే, ఇవాళ ఎన్నో దేశాలు పిల్లలకు వేస్తున్నాయి.

తప్పు దొరికింది కాగితాల్లో. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయి. 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. అమ్మానాన్నలు ఊళ్లో ఉన్నారు, ఆ సంతకాలు వాళ్లవి కావు. ఇది క్లినికల్ ట్రయల్ కాదు, టీకా పంపిణీ ఎలా సాగుతుందో చూసే ప్రయత్నమేనని పాత్ వాదించింది. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో ఆ వాదనను ఒప్పుకోలేదు.

ఇలాంటి పని అంకెలు అచ్చుకెలా ఎక్కాయో అర్థం కావాలంటే జర్నల్ అంటే ఏమిటో తెలుసుకోవాలి. 1665లో లండన్‌లో హెన్రీ ఓల్డెన్‌బర్గ్ ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్ మొదలుపెట్టిన నాటి నుంచి దాని పని ఒకటే: ఎవరు, ఏం కనిపెట్టారో నలుగురి ముందు పెట్టడం. ఇప్పుడు పత్రం పంపగానే సంపాదకుడు చూస్తాడు. పనికొస్తుందనిపిస్తే అదే రంగంలోని ఇద్దరు ముగ్గురికి పంపుతాడు. సాధారణంగా వాళ్లకు జీతం ఉండదు, రాసినవారికి వాళ్లెవరో తెలియదు. లెక్క సరిపోయిందా, పద్ధతి చెప్పారా, ముందు పనిని గుర్తించారా అని అడుగుతారు. నెలలు గడుస్తాయి. చాలా పత్రాలు తిరిగొస్తాయి, కొన్ని రెండు మూడుసార్లు తిరగరాశాక గట్టెక్కుతాయి. ఒకే పత్రాన్ని ఒకేసారి రెండు జర్నళ్లకు పంపకూడదు. మనుషుల మీద చేసిన పనైతే నైతిక సంఘం అనుమతి, పాల్గొన్నవారి అంగీకారం ఉన్నాయో లేదో చెప్పాలి.

చెప్పాలి, అంతే. రివ్యూ చేసేవాడి బల్ల మీదకు వచ్చేది పత్రం. హాస్టల్ గదిలో సంతకం ఎవరు పెట్టారన్నది అతనికి కనపడదు. ఈ వ్యవస్థలోని పెద్ద లోటు ఇదే.

భద్రాచలం అడవి ప్రాంతం జర్నళ్లకెక్కడం కొత్త కాదు. దుమ్ముగూడెంలో ఉన్న మిషనరీ జాన్ కెయిన్ 1876లోనే భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి బొంబాయి నుంచి వచ్చే ఇండియన్ ఆంటిక్వెరీలో రాశాడు. అప్పట్లో ఎవరి గురించి రాస్తున్నామో వాళ్ల అనుమతి అడగాలన్న నియమమే లేదు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద అచ్చువేసిన ఏడు సంపుటాల్లో, ఇక్కడి గిరిజనులైన కోయల భాగంలోకి కెయిన్ మాటలు ఎక్కాయి. ఒకసారి అచ్చయిన మాట ఎంత దూరం పోతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. అందుకే దాన్ని ఎవరు రాశారన్నది అంత ముఖ్యం.

ఆ రాసేవాళ్లు ఈ ఊళ్ల నుంచే రావాలి. ఇప్పపూల గురించో, పోడు సాగు గురించో ఒక కోయ విద్యార్థి పీహెచ్‌డీ చేస్తే, తన నానమ్మను అడిగి తెలుసుకున్నది ఏ బయటివాడికీ అందదు. కానీ అతన్ని మొదట పలకరించేది తరచుగా దొంగ జర్నలే. వారంలో అచ్చు, కొన్ని వేలు చాలు అంటూ మెయిల్ వస్తుంది. రివ్యూ ఉండదు, డబ్బు కట్టగానే పత్రం వచ్చేస్తుంది. అసలు జర్నళ్లలోనూ కొన్ని రుసుము తీసుకుంటాయి కాబట్టి తేడా పట్టడం కష్టం. సంపాదక వర్గంలోని పేర్లు నిజమైనవేనా, పాత సంచికల్లో ఏముంది, గైడ్ ఆ జర్నల్‌ను ఎప్పుడైనా చదివారా అన్నవి అడిగి చూడాలి. థీసిస్ ఇవ్వాలంటే ముందే పత్రం అచ్చయి ఉండాలన్న నిబంధనను యూజీసీ 2022లో తీసేసింది. తొందరపడి డబ్బు పోసే అవసరం కొంత తగ్గింది.

చదవడానికి దారి కూడా కాస్త తెరుచుకుంది. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం 2025 జనవరిలో మొదలైంది. ముప్ఫై మంది ప్రచురణకర్తల సుమారు 13 వేల జర్నళ్లను ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి తేవడం దాని ఉద్దేశం.

హెచ్‌పీవీ పత్రానికైతే అదీ అక్కర్లేదు. బులెటిన్ అందరికీ ఉచితమే, భద్రాచలంలో ఫోన్ మీద తెరిచినా వస్తుంది. సారాంశం ఇంగ్లీషుతో పాటు అరబ్బీ, చైనీస్, ఫ్రెంచ్, రష్యన్, స్పానిష్ భాషల్లో ఉంది. తెలుగులో లేదు, కోయలో లేదు.