ఫరహాబాద్ అడవిలో నడక: కుటుంబంతో వెళ్లేముందు ఇవి తెలుసుకోండి

"అడవికా? ఆడపిల్లల్ని తీసుకునా?" నల్లమల ట్రెక్కింగ్ మాట ఎత్తగానే మా అమ్మీ అన్న మొదటి మాట ఇది. చాలా ఇళ్లలో ఇదే ప్రశ్న వస్తుంది. అందుకే గైడ్‌తో కలిసి చేసే అడవి నడక ఎలా ఉంటుందో, మనం ఏం చూసుకోవాలో చెప్తాను.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం రోడ్డులో సుమారు 140 కి.మీ. వెళ్తే మన్ననూర్ వస్తుంది. అక్కడి నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం మొదలు. విస్తీర్ణం 2,600 చదరపు కి.మీ. పైనే. లోపల కొండ మీదున్న ఫరహాబాద్‌ది నిజాం కాలపు పేరు. ఫరహ్ అంటే సంతోషం.

ఇక్కడ ఎవరికి వారు లోపలికి నడిచిపోవడం కుదరదు. అటవీశాఖ దగ్గర ముందే బుక్ చేసుకోవాలి, గైడ్‌తోనే గుంపుగా వెళ్లాలి. గైడ్‌లలో చెంచులున్నారు. తరతరాలుగా ఈ అడవిలోనే బతికినవాళ్లు కాబట్టి వాళ్ల కంటికి కనపడేది మనకు కనపడదు.

మా గైడ్ మట్టిలో ఒక అడుగు గుర్తు చూపించాడు. పులి గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తుంది, అందుకే గోటి గీతలు పడవు. కుక్క అడుగులో పడతాయి. కొండముచ్చు ఒక్కసారిగా అరిస్తే, దగ్గర్లో పులో చిరుతో ఉందని జింకలకు కూడా తెలిసిపోతుందట. మొసలి చర్మంలా పగిలిన బెరడు ఉంటే అది నల్లమద్ది.

తర్వాత ఒక చెట్టు దగ్గర ఆగి "ఇది తునికి" అన్నాడు. అమ్మీ కదల్లేదు. నేను బీకాం పూర్తి చేసేదాకా ఆమె బీడీలు చుట్టింది. ఆకు ముట్టుకుంటే చాలు, మంచిదో కాదో చెప్పేస్తుంది. ఆ చెట్టును మాత్రం అదే మొదటిసారి చూడటం. ఆకు వెనక్కి తిప్పి వేళ్లతో రాసి, "పచ్చిగా ఇలా ఉంటుందా" అంది. ఆ తర్వాత గైడ్‌ను ప్రశ్నలు అడిగింది మాకంటే ఆమే ఎక్కువ.

వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి:

వానకాలంలో, జులై నుంచి సెప్టెంబర్ వరకు సఫారీ మూసేస్తారు. చలికాలం మంచిది. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు అడవి రోడ్డులో బండ్లను వదలరు, తిరుగు ప్రయాణం లెక్క చూసుకోండి.

మట్టిరంగు, ఆకుపచ్చ బట్టలు వేసుకోండి. బురఖా వేసుకునేవాళ్లు ముళ్లకు తట్టుకోకుండా పాదాలకు కాస్త పైకి ఉండేది చూసుకోండి. చెప్పులు వద్దు, బూట్లే.

తిండి ఇంటి నుంచే స్టీలు డబ్బాల్లో తెచ్చుకోండి. ప్లాస్టిక్ వద్దు. పొయ్యి పెట్టడం, పాటలు పెట్టడం అసలే వద్దు. ఎండాకులున్న అడవికి ఒక్క నిప్పురవ్వ చాలు.

నమాజ్ టైం ముందే గైడ్‌కు చెప్పండి, సురక్షితమైన చోట ఆపుతాడు. వుజూకు నీళ్లు వెంట ఉంచుకోండి. హైదరాబాద్ నుంచి దూరం 77 కి.మీ. దాటుతుంది కాబట్టి ఖస్ర్ గురించి మీ ఇమామ్ సాబ్‌ను అడిగి వెళ్లండి.

పిల్లలు గుంపు వదలకుండా చూసుకోండి. ముందు గైడ్, చివర ఒక పెద్దమనిషి, మధ్యలో పిల్లలు.

మాకు పులి కనపడలేదు. అయినా అమ్మీ ఇప్పుడు ఖాలా ఇంట్లో ఫోన్ చేసి చెప్తోంది: "ఈసారి మీ ఆడపిల్లల్ని కూడా పంపించు. నేనుంటా కదా."