హాలోవీన్ దీపము

దసరాకు అయ్యవారి వెంట ఇంటింటికి పోయి పప్పుబెల్లములు పుచ్చుకొను ఆచారమును మనమెరుగుదుము. అక్టోబరు 31వ తేదీ రాత్రి అమెరికాలో బాలబాలికలు దయ్యముల వేషములతో మిఠాయిలకై తిరుగుదురు. ఈ హాలోవీన్ పండుగ ఐర్లండు, స్కాట్లండుల నుండి వలసపోయినవారితో అచ్చటికి చేరినది. స్వదేశమున వారు టర్నిప్ దుంపను తొలిచి దీపము పెట్టెడివారు. అమెరికాలో తొలుచుటకు సులువైన గుమ్మడికాయ దొరకినది.

వాకిట దీపమున్న ఇంటికే పిల్లలు పోవుదురు. చీకటి ఇంటిని విడిచిపెట్టుదురు. కనుకనే చిన్ననాట సంచి పట్టి తిరిగినవారు, పెద్దలైన పిదప ఆనాటి సంబరమును తలచుకొనుచు, మిఠాయిలు సిద్ధపరచి, దీపము వెలిగించి కూర్చుందురు. 1950లో ఫిలడెల్ఫియాలో కొందరు పిల్లలు పాల అట్టపెట్టెలలో నాణెములు పోగుచేసి, పరదేశపు బిడ్డలకై 17 డాలర్లు యునిసెఫ్‌కు పంపిరి.

పుచ్చుకొన్న చేతులే పెట్టుట నేర్చినందున ఈ వేడుక నిలిచినదని మనము గ్రహింపవచ్చును.