నూనె ఉండాల్సింది చైను లోపల

హిమాయత్ సాగర్ వైపు మట్టిబాటల్లో ఓ గంట తిరిగి కొత్వాల్‌గూడ చేరాక, సైకిల్ ఆపి చైనును వేలితో ఒక్కసారి రాసి చూడండి. నల్లటి మడ్డి అంటుకుంటుంది. దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపితే గరగరలాడుతుంది. గేర్ల సైకిల్ పెట్టే ఖర్చులో పెద్ద భాగం ఆ గరగరలోనే ఉంది.

ఇక్కడిది గ్రానైటు నేల. రాయి ఏళ్లకేళ్లు ఎండకు పగిలి, వానకు నాని మొరంగా మారింది. మొరంలో తెల్లగా మెరిసే రవ్వలు పలుగురాయివి. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలతలో పలుగురాయి 7 దగ్గర ఉంటుంది, మామూలు చాకు అలుగు 5.5 దగ్గర. అంటే మన బాటల దుమ్ము ఉక్కును గీయగలదు. ఆ దుమ్ముకు నూనె తోడైతే సానపట్టే ముద్ద తయారవుతుంది. పెడల్ తొక్కిన ప్రతిసారీ ఆ ముద్ద చైనును నూరుతూనే ఉంటుంది.

అది ఎక్కడ నూరుతుందో తెలియాలంటే చైను కట్టుబడి తెలియాలి. 1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ రూపొందించిన రోలర్ చైను పద్ధతే కొద్దిపాటి మార్పులతో ఇప్పటికీ నడుస్తోంది. రెండు బయటి పలకలు, రెండు లోపలి పలకలు, వాటిని కలుపుతూ పిన్ను, ఆ పిన్ను చుట్టూ తిరిగే రోలర్. ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు సరిగ్గా అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. చైను పళ్ల చక్రం మీద వంగినప్పుడల్లా పిన్ను లోపలి పలకల మధ్య కొద్దిగా తిరుగుతుంది. రాపిడి అక్కడే, అరుగుదలా అక్కడే. నూనె అవసరమూ అక్కడే. పలకల బయటివైపు దేన్నీ రాసుకోదు. అక్కడ తుప్పు పట్టకుండా చెయ్యి తగిలినంత జిడ్డు ఉంటే చాలు.

మనలో చాలామంది చేసేది దీనికి తలకిందులు. చైను కీచుమంటే ఆయిల్ క్యాన్ తెచ్చి పై నుంచి ధారగా పోస్తాం. చైను నిగనిగలాడుతుంది, చప్పుడు ఆగుతుంది, పని అయిపోయిందనుకుంటాం. కానీ ఆ తడి అంతా మర్నాటి దుమ్ముకు జిగురు. మోటారు సైకిల్ అలవాటుతో ఇంజన్ ఆయిల్ పూసేవాళ్లూ ఉన్నారు. ఈ రోజుల్లో చాలా మోటారు సైకిళ్ల చైన్లలో గ్రీజును లోపలే బంధించి ఉంచే రబ్బరు రింగులుంటాయి. సైకిల్ చైనుకు ఆ కాపలా లేదు. దుమ్ముకు దారి తెరిచే ఉంటుంది.

చైను ‘సాగింది’ అని మెకానిక్కులు అంటారు. నిజానికి పలకలు సాగవు. పిన్నులూ వాటి చుట్టూ ఉన్న రంధ్రాలూ అరిగి, ఒక్కో లింకుకు కాస్త వదులు వస్తుంది. అర శాతం అరిగిందంటే లింకుకు 0.06 మిల్లీమీటరు, దాదాపు తల వెంట్రుక మందం. అలాంటి లింకులు 114 ఉంటే మొత్తం చైను 7 మిల్లీమీటర్ల పైచిలుకు పెరుగుతుంది. అప్పుడది పంటి మొదట్లో కూర్చోక పైకి పాకుతుంది, పళ్లను వంకరగా తినేస్తుంది. వెనక చక్రానికుండే గేర్ల గుత్తి చైను కన్నా ఖరీదైనది. చైనును పట్టించుకోమని నేను ఇంతగా చెప్పడం ఆ గుత్తి కోసమే.

కొలవడానికి ఉక్కు స్కేలు చాలు. పెడల్‌ను కాస్త నొక్కి పట్టి చైను బిగువుగా ఉంచండి. ఒక పిన్ను నడిమధ్య సున్నా పెడితే, ఇరవై నాలుగు లింకుల తర్వాతి పిన్ను నడిమధ్య 12 అంగుళాల గీత మీద పడాలి. అది అంగుళంలో పదహారో వంతు ముందుకు జరిగితే అరుగుదల అర శాతం. వెనక 11, 12 గేర్లున్న సైకిల్‌కు అప్పుడే కొత్త చైను వేయాలి. గేర్లు లేని సైకిలైతే ఎనిమిదో వంతు దాకా ఆగవచ్చు.

ఇక శుభ్రం చేయడం. వారం వారం చేయాల్సిన పని రెండు నిమిషాలది. పాత బనియను గుడ్డతో కింది చైనును చుట్టి పట్టుకుని, రెండో చేత్తో పెడల్‌ను వెనక్కి తిప్పాలి. ముందుకు తిప్పితే వెనక చక్రం తిరిగి వేళ్లు పళ్లలో చిక్కుకునే ప్రమాదం ఉంది. గుడ్డ నల్లబడ్డప్పుడల్లా మడత మార్చండి. ఈ తుడుపును మించిన సేవ చైనుకు లేదు, నూనె కన్నా ఇదే ముఖ్యం.

గరగర తుడిచినా పోకపోతే కడగాలి. ఊడదీసే లింకు ఉంటే చైను తీసి, వెడల్పు మూతి సీసాలో కిరసనాయిలు పోసి అందులో వేసి గిలకొట్టండి. తేటగా వచ్చేదాకా రెండు మూడు సార్లు మార్చండి. పెట్రోలు జోలికి పోవద్దు, నిప్పుతో చెలగాటం. తర్వాత గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. లోపల కిరసనాయిలు మిగిలితే కొత్త నూనె పలచబడిపోతుంది. కొత్త చైనును మాత్రం ఇలా కడగొద్దు. తయారీలో లోపల పెట్టిన గ్రీజు మంచిది, పైపైన తుడిస్తే చాలు. బండ్లు కడిగే చోట ఒత్తిడి నీళ్లతో కొట్టించడమూ మంచిది కాదు. నీరు చక్రాల బేరింగుల్లోకి దూరుతుంది.

మిగిలిన కిరసనాయిలును వాకిట్లోనో కాలవలోనో పారబోయకండి. మూసీకి 1908లో వచ్చిన వరద తర్వాత కట్టిన రెండు జలాశయాల్లో ఒకటి హిమాయత్ సాగర్. 1927లో ఈసీ వాగు మీద పూర్తయింది. ఊరికి తాగునీరిచ్చిన చెరువు అది. సీసాను రెండు రోజులు కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కు చేరుతుంది. పైతేటను మళ్లీ వాడుకోవచ్చు, అడుగున ఉన్నదాన్ని పాత కాగితాల్లో తుడిచి చెత్తలో వేయవచ్చు.

నూనె వేయడానికి రాత్రిపూట మంచిది. ఒక్కో రోలర్ మీద ఒక్క చుక్క, అంతే. పెడల్‌ను వెనక్కి ఇరవై ముప్పై చుట్లు తిప్పితే నూనె లోపలికి దిగుతుంది. పొద్దున్నే బయటి తడినంతా పొడిగుడ్డతో తుడిచేయండి. స్ప్రే డబ్బా వాడకపోవడమే నయం, డిస్క్ బ్రేకు పళ్లెం మీద ఒక్క తుంపర పడినా బ్రేకు జారుతుంది. ఇంట్లో తలుపు బందులకు కొట్టే పలచటి స్ప్రే ఎక్కువ భాగం మడ్డిని కరిగించే ద్రవమే. కాసేపటికి ఆరిపోయి చైనును వట్టిగా వదిలేస్తుంది.

వానాకాలం మూడు నాలుగు నెలలు ఎర్రమట్టి బురదలో నిలబడేది చిక్కటి ‘వెట్’ రకం. మిగతా కాలమంతా మన మొరం దుమ్ముకు ‘డ్రై’ రకం గానీ మైనం గానీ సరిపోతుంది. ఎన్ని కిలోమీటర్లకోసారి అని అడిగితే చెవినే నమ్ముకోమంటాను. ఉదయం బాట నిశ్శబ్దంగా ఉంటుంది. చైను పలకడం మొదలైందంటే లోపల ఎండిపోయిందన్నమాట.