తూర్పు కడలిపై సందె రంగులు

విశాఖపట్నం: సముద్రంపై సూర్యాస్తమయం చూడాలంటే గోవాకో, కేరళకో వెళ్లాలన్నది చాలామంది అభిప్రాయం. మన కోస్తాలో సూర్యుడు కడలిపై ఉదయించి, కొండల వెనుక అస్తమిస్తాడు. అయినా రుషికొండ వంటి తీరాల్లో సాయంవేళ కయాక్‌పై నీటిలోకి వెళ్లినవారికి తూర్పు దిక్కునే మరో దృశ్యం కనువిందు చేస్తుంది. కయాక్ అంటే ఒకరిద్దరు కూర్చుని తెడ్డుతో నడుపుకొనే సన్నని, తేలికపాటి పడవ.

రంగులకు మూలం

గాలిలోని అణువులు నీలి కాంతిని ఎక్కువగా, ఎర్రని కాంతిని తక్కువగా చెదరగొడతాయి. బ్రిటన్ శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1871లో ఈ సూత్రాన్ని వివరించారు. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పటికంటే అస్తమించే వేళ కిరణాలు సుమారు 38 రెట్లు ఎక్కువ గాలిని దాటి రావాలి. ఆ దారిలో నీలం చెదిరిపోగా నారింజ, ఎరుపు మిగులుతాయి.

మబ్బు కాదు.. భూమి నీడ

ఆకాశం నిర్మలంగా ఉంటే, సూర్యుడు అస్తమించిన కొద్ది నిమిషాలకు తూర్పున కడలి అంచు నుంచి నీలి బూడిదరంగు పట్టీ లేస్తుంది. చూసినవారు దానిని మబ్బుగా భావిస్తారు. నిజానికి అది వాతావరణంపై పడిన భూమి నీడ. దాని పైన కనిపించే గులాబీ చారను ‘వీనస్ బెల్ట్’ అంటారు. పడమటి నుంచి వచ్చిన ఎర్రని కాంతి తూర్పు ఆకాశాన్ని తాకి వెనుదిరగడమే దీనికి కారణం. నీడ పైకి లేచేకొద్దీ గులాబీ రంగు కరిగిపోతుంది.

కయాక్‌లో కూర్చున్నవారి కళ్లు నీటికి మీటరులోపు ఎత్తులోనే ఉంటాయి. అంత ఏటవాలుగా చూసినప్పుడు నీరు అద్దంలా పనిచేస్తుంది. అలలు తక్కువగా ఉంటే ఆకాశంలోని గులాబీ రంగు నీటిపైనా పరుచుకుంటుంది.

వెన్ను తీరం వైపు.. అదే ప్రమాదం

తూర్పు రంగులు చూసేవారి వెన్ను తీరం వైపు ఉంటుంది. గాలి నేల నుంచి కడలి వైపు వీస్తుంటే పడవ లోపలికి కొట్టుకుపోతున్నా వెంటనే తెలియదు. తిరుగు ప్రయాణం ఎదురుగాలిలో సాగాలి. పైగా మన ప్రాంతంలో సూర్యుడు దాదాపు నిటారుగా కుంగుతాడు. అస్తమయం తర్వాత దారి కనిపించేంత వెలుతురు ఉండేది 20 నుంచి 25 నిమిషాలే. నీటికి ఆనుకుని ఉండే కయాక్, మసక చీకటిలో వచ్చే మరపడవలకు కనిపించదు.

అందుకే తీరంలోని ఒక గుర్తును తరచూ వెనుదిరిగి చూసుకోవాలి. లైఫ్ జాకెట్, ఈల, టార్చిలైటు తప్పనిసరి. ఒంటరిగా వెళ్లరాదు. సూర్యుడు కొండల చాటుకు చేరేసరికే ఒడ్డుకు దగ్గరగా రావడం మేలు. భూమి నీడ లేచే సమయానికి పడవ ఇసుకను తాకితే, మిగిలిన రంగులను ఒడ్డున నిలబడి నిశ్చింతగా చూడవచ్చు.