పని మధ్యలో వచ్చిన పిలుపు

ఆదోని స్టేషన్ కౌంటర్‌లో ముంబయికో చెన్నైకో బెర్తు అడిగితే, ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్ కనీసం రెండు పనులు చేయాలి. ఖాళీల లెక్కలో ఒకటి తగ్గించాలి, ఆ బెర్తుకు ప్రయాణికుడి పేరు రాయాలి. మొదటిది అయి రెండోది కాకముందే ప్రోగ్రాం ఆగిపోతే ఆ బెర్తు ఎవరిదీ కాకుండా పోతుంది. ఇలాంటి ప్రమాదానికి డేటాబేస్‌లు తమ కట్టుదిట్టాలు తాము చేసుకున్నాయి. వాటికన్నా కింద, ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే, ఇదే చిక్కు విప్పడానికి పుట్టిన చిన్న సాధనం ఒకటుంది. దాని పేరు సిగ్నల్ మాస్క్.

సిగ్నల్ అంటే నడుస్తున్న ప్రోగ్రాంకు ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్ అందించే కబురు. కంట్రోల్-సి నొక్కితే వెళ్లేది 2వ నంబరు సిగ్నల్. ముగించమని మర్యాదగా అడిగేది 15. మారు మాటకు తావివ్వకుండా చంపేది 9. ఇవి ఏ క్షణాన వస్తాయో ప్రోగ్రాంకు తెలియదు.

బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ 1969లో మొదలుపెట్టిన యూనిక్స్‌లో, తొలి రోజుల్లో, ఈ కబురును కాసేపు నిలిపి ఉంచే మార్గం లేదు. పట్టించుకోవద్దని చెబితే అది పూర్తిగా పోయేది. లేదంటే దాన్ని అందుకోవడానికి హ్యాండ్లర్ అనే చిన్న భాగాన్ని రాసుకోవాలి. 1979 నాటి ఏడో ఎడిషన్‌లో హ్యాండ్లర్‌ను ఒకసారి పిలవగానే ఆ ఏర్పాటు రద్దయ్యేది. మళ్లీ నమోదు చేసుకునేలోపు రెండో కంట్రోల్-సి వస్తే ప్రోగ్రాం అక్కడికక్కడే చచ్చిపోయేది. నన్ను ఆశ్చర్యపరిచేది ఇంకొకటి. ఆ యూనిక్స్ నడిచిన పీడీపీ-11 యంత్రంలో, హార్డ్‌వేర్ అంతరాయాలను ప్రాధాన్యాన్ని బట్టి ఆపి ఉంచే వీలు అప్పటికే ఉంది. కెర్నల్ దాన్ని రోజూ వాడుకునేది. మామూలు ప్రోగ్రాంలకు మాత్రం అలాంటిది అందలేదు.

అందించింది బర్క్‌లీ విశ్వవిద్యాలయం, 1983లో విడుదలైన 4.2బీఎస్‌డీలో. అందులో మాస్క్ అంటే 32 బిట్ల సంఖ్య ఒకటి, సిగ్నల్‌కొక బిట్. బిట్ 1 అయితే కెర్నల్ ఆ కబురును పారేయదు, తన దగ్గరే ఉంచుతుంది. 0 కాగానే అందజేస్తుంది.

మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరులో దీన్ని వివరించడం తేలిక. నాడె పడుగులోంచి దూసుకుపోతుండగా వాకిట్లోంచి ఎవరైనా పిలిస్తే నేతగాడికి వినబడుతుంది. కానీ పేక పోగు కుదురుకున్నాకే మగ్గం ఆపి పలుకుతాడు. ఆలస్యం చేశాడే గానీ పిలుపును కాదనలేదు.

1988లో, యూనిక్స్ తరహా సిస్టమ్‌లకు ఉమ్మడిగా ఉండే పోసిక్స్ ప్రమాణం ఈ పనికి సిగ్‌ప్రాక్‌మాస్క్ అనే సిస్టమ్ కాల్‌ను ఖాయం చేసింది. మాస్క్‌లో కొన్ని సిగ్నళ్లు చేర్చవచ్చు, కొన్ని తీసేయవచ్చు, మొత్తాన్నీ మార్చేయవచ్చు. అడిగితే పాత మాస్క్‌ను కూడా చేతికిస్తుంది. నా దృష్టిలో ఇందులో విలువైనది ఆ చివరిదే. పని అయ్యాక సిగ్నల్‌ను నేరుగా తెరిచేయకూడదు, పాత మాస్క్‌నే తిరిగి పెట్టాలి. మనకన్నా ముందు ఇంకెవరైనా ఆ సిగ్నల్‌ను తమ అవసరానికి ఆపి ఉండవచ్చు కదా!

అన్నిటికన్నా సున్నితమైన చోటు ఇంకొకటి. మాస్క్ తెరిచి, ఆ తర్వాత సిగ్నల్ కోసం ఎదురుచూస్తూ నిద్రపోయే ప్రోగ్రాం ఉందనుకోండి. తెరవడానికీ నిద్రకూ మధ్య ఉన్న రవ్వంత సందులోనే సిగ్నల్ వచ్చి వెళ్లిపోతే, ఇక రాని కబురు కోసం అది ఎప్పటికీ నిద్రలోనే ఉంటుంది. అందుకే తెరవడం, నిద్రపోవడం రెండూ విడదీయరాని ఒకే చర్యగా జరిగేలా సిగ్‌సస్పెండ్‌ను పెట్టారు. ఈ చిన్న సాధనాన్ని తీర్చిదిద్దిన వాళ్ల శ్రద్ధకు దండం పెట్టాలనిపిస్తుంది.

ఇది యూనిక్స్ వాళ్ల ఆలోచన మాత్రమే కాదు. 1994లో సికింద్రాబాద్‌లో తొలిసారి అమలైన రైల్వే రిజర్వేషన్ వ్యవస్థ కాన్‌సర్ట్ నడిచింది వీఎంఎస్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ మీద. అందులోనూ ఏఎస్‌టీ అని ఇలాంటి కబుర్లే ఉంటాయి, వాటిని తాత్కాలికంగా నిలిపే సదుపాయమూ ఉంటుంది.

జాగ్రత్త పడాల్సినవీ ఉన్నాయి. మాస్క్ వేసి ఉండగా కంట్రోల్-సి పదిసార్లు నొక్కినా, తెరిచాక అందేది ఒక్కటే. మామూలు సిగ్నళ్లకు వరుస ఉండదు. వరుసలో నిలిచే రియల్‌టైమ్ సిగ్నళ్లు 1993లో పోసిక్స్‌లోకి వచ్చాయి. 9ని, ప్రోగ్రాంను స్తంభింపజేసే స్టాప్ సిగ్నల్‌ను ఏ మాస్కూ ఆపలేదు. ఇంకో సంగతి, మాస్క్ వారసత్వంగా వస్తుంది. నడుస్తున్న ప్రోగ్రాంను ప్రాసెస్ అంటారు; తల్లి ప్రాసెస్ ఆపి ఉంచినవి పిల్ల ప్రాసెస్‌లోనూ ఆగే ఉంటాయి, ఆ పిల్ల పూర్తిగా వేరే ప్రోగ్రాంగా మారినా సరే. 15 పంపినా ముగియని సర్వర్ ప్రోగ్రాంల వెనుక కొన్నిసార్లు ఉండే కారణం ఇదే.

లినక్స్‌లో దీన్ని కళ్లతో చూడవచ్చు. ప్రాక్ డైరెక్టరీలో ఆ ప్రాసెస్ నంబరు కింద ఉండే స్టేటస్ ఫైలు తెరిస్తే SigBlk (సిగ్‌బ్లాక్) అనే వరుస, దాని పక్కన హెక్సాడెసిమల్ సంఖ్య కనిపిస్తాయి. చివర 4002 ఉంటే 2, 15 సిగ్నళ్లు రెండూ ఆగి ఉన్నట్టు. మొండికేసిన ప్రోగ్రాం మీద 9 ప్రయోగించే ముందు ఆ వరుస చదవండి.